మనాటీలు తిరిగే నీళ్లలో మోటారు బోటు: నిబంధన ఎంతవరకు, అవగాహన ఎంతవరకు?

ప్రశ్న (మారేడుపల్లి, విశ్రాంత లోకో పైలట్)

అందరికీ నమస్కారం. నేను దక్షిణ మధ్య రైల్వేలో ముప్పయి ఏళ్లకు పైగా రైళ్లు నడిపి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి కుటుంబం ఫ్లోరిడాలో టాంపా దగ్గర స్థిరపడింది. మొన్న జనవరిలో నేనూ మా ఆవిడా అక్కడ ఉన్నప్పుడు అబ్బాయి మమ్మల్ని క్రిస్టల్ రివర్ అనే ఊరికి తీసుకువెళ్లాడు. అక్కడ కింగ్స్ బే అనే నీటి ప్రదేశంలో అడుగునుంచి ఊటలు ఉబికి వస్తుంటాయి. ఆ ఊటనీరు ఏడాది పొడవునా సుమారు 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది కాబట్టి, చలికాలంలో సముద్రం చల్లబడగానే మనాటీలనే పెద్ద నీటి జంతువులు వందల సంఖ్యలో అక్కడికి చేరుకుంటాయి. మూడు మీటర్ల పొడవు, దాదాపు అర టన్ను బరువుండి, గడ్డీ నాచూ మేసి బతికే ఆ సాధు జంతువు ఒకటి మా పడవ పక్కనే పైకి వచ్చి, ముక్కుపుటాలు తెరిచి ఊపిరి తీసుకుని మళ్లీ మునిగింది. దాని వీపు మీద దువ్వెనతో గీసినట్టు సమానమైన ఎడంతో ఏడు తెల్లని గాట్లు ఉన్నాయి. అవి ప్రొపెల్లర్, అంటే పడవ ఇంజనుకు నీటిలో తిరిగే రెక్కలు, చేసిన గాట్లని గైడుగా వచ్చిన అమ్మాయి చెప్పింది.

తర్వాతి ఆదివారం మావాడి స్నేహితుని మోటారు బోటులో వేరే చోటికి వెళ్లాం. నెమ్మదిగా వెళ్లవలసిన ప్రాంతమని తెలిపే బోర్డు నీటిలో పాతిన గుంజ మీద స్పష్టంగా కనిపిస్తున్నా, నడుపుతున్న కుర్రాడు వేగం తగ్గించలేదు. ముందర నీటి మీద నూనె పోసినట్టు గుండ్రని నునుపైన మచ్చలు వరుసగా కనిపించాయి. అవేమిటో నాకు తెలియదు, అతనికీ తెలియదు. మరుక్షణం, చేయి చాపితే అందేంత దూరంలో, ఒక తల్లి మనాటీ, దాని పక్కనే పిల్ల. తగలలేదు. తగలకపోవడంలో మేము చేసినది ఏమీ లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లైను మీద పని జరుగుతున్నప్పుడు మాకు కాషన్ ఆర్డర్ ఇచ్చేవారు. ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి వరకు ఎంత వేగం మించకూడదో అందులో రాసి ఉండేది. ఆ కాగితం అందుకున్నామని సంతకం పెట్టేవాళ్లం. ఇరవై అని ఉంటే ఇరవైయే. అక్కడ వంగి పనిచేస్తున్న మనుషుల ముఖాలు మాకు తెలుసు కాబట్టి ఆ ఆజ్ఞ మాకు ఎన్నడూ భారంగా అనిపించలేదు.

ఇప్పుడు మా అబ్బాయి, అతని ఇద్దరు స్నేహితులు కలిసి ఒక బోటు కొనాలనుకుంటున్నారు. నేను ఆ సంఘటన గుర్తుచేస్తే వాళ్లు మూడు మాటలు చెప్పారు. మనాటీల సంఖ్య పెరిగింది, 2017లోనే వాటిని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు దించారు. రెండవది, 2021లో వందలాది మనాటీలు తిండి లేక చనిపోయాయి, అందుకు పడవలు కారణం కాదు. మూడవది, నెమ్మదిగా వెళ్లే పడవ చప్పుడు వాటికి అసలు వినపడదు, అందువల్ల వేగ పరిమితి వాటికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. వీటిలో నిజమెంత? పిల్లలను సరదా మానుకోమనడం నా ఉద్దేశం కాదు. ఆ సరదా ఆ జంతువు ప్రాణం మీదికి రాకుండా ఉండాలంటే కొనే ముందే ఏమి తెలుసుకోవాలో, తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (రాజేంద్రనగర్, పశువైద్యురాలు)

బాబాయి గారూ, నమస్కారం. మీ వయసు చూసి అలా పిలుస్తున్నాను, అన్యథా భావించకండి. చదువు రోజుల్లో ఒక చలికాలమంతా ఫ్లోరిడాలో గాయపడిన సముద్ర జంతువులకు చికిత్స చేసే చోట సహాయకురాలిగా పనిచేశాను. అందువల్ల ముందు ఆ జంతువు శరీరం గురించి చెబుతాను. అది తెలిస్తే మిగతా వాదనల్లో చాలా భాగం దానంతటదే తేలిపోతుంది.

మనాటీ ఊపిరితిత్తులు వీపు పొడవునా, వెన్నెముకకు ఇరువైపులా చదునుగా పరచుకుని ఉంటాయి. నీటిలో సమంగా తేలడానికి ఆ అమరిక ఎంతో ఉపయోగం. పక్కటెముకలు మనవాటిలా కాకుండా లోపల మూలుగ లేని గట్టి రాయిలాంటి ఎముకలు. అవి బరువుగా ఉండి దాన్ని అడుగున నిలబెడతాయి, కానీ సాగే గుణం లేదు, బలంగా దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతాయి. పడవ తగిలేది పైనుంచి. విరిగిన ఎముక ముక్క సూటిగా ఊపిరితిత్తిలోకి దిగుతుంది. ప్రొపెల్లర్‌కు చుట్టూ జాలీ బిగిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గాట్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు; కానీ ప్రాణం తీసే దెబ్బల్లో అధిక భాగం పడవ అడుగుభాగం నేరుగా గుద్దుకోవడం వల్ల కలిగేవే, వాటికి పైన చర్మం చిట్లిన గుర్తు కూడా ఉండకపోవచ్చు. నేనున్న రోజుల్లో తెచ్చిన ఒక ఆడ మనాటీకి బయట చిన్న గీత కూడా లేదు. ఒక పక్కకు ఒరిగి తేలుతోంది, ఎంత ప్రయత్నించినా మునగలేకపోతోంది; ఊపిరితిత్తి చిల్లుపడి గాలి ఛాతీలోకి చేరింది. మూడు రోజులు బతికింది.

మీరు చూసిన ఏడు గాట్ల గురించి ఒక మాట. అక్కడి పరిశోధకులు ఒక్కొక్క మనాటీని గుర్తుపట్టేది ఆ మచ్చల ఆధారంగానే. ఫోటోలు తీసి, గాట్ల తీరును బట్టి ఏళ్ల తరబడి నమోదు చేస్తారు. పెద్దవాటిలో మచ్చ లేనిది అరుదు. ఒకే జంతువు ఒంటి మీద వేర్వేరు కాలాల్లో తగిలిన దెబ్బల గుర్తులు కనిపిస్తాయి.

ఇక సంఖ్య సంగతి. సంఖ్య పెరిగిన మాట నిజం. 2021, 2022 సంవత్సరాల సర్వే ప్రకారం ఫ్లోరిడాలో 8,350 నుంచి 11,730 వరకు ఉంటాయని అంచనా. అయితే ఎక్కడ పెరిగాయో చూడండి. బ్లూ స్ప్రింగ్ అనే ఊటవాగులో 1970ల ఆరంభంలో లెక్కపెట్టినప్పుడు కనిపించినవి సుమారు 36. 2024 జనవరిలో ఒక్క రోజునే 932 కనిపించాయి. ఆ వాగులోకి చలికాలం పొడవునా పడవలనూ ఈతగాళ్లనూ రానివ్వరు; ఒడ్డున వేసిన చెక్క నడవా మీద నిలబడి చూడవలసిందే. సంఖ్య పెరిగింది కాబట్టి నిబంధన సడలించాలనే వాళ్లు, ఆ సంఖ్య నిబంధన నీడలోనే పెరిగిందన్న సంగతిని పక్కన పెడుతున్నారు. పైగా ఆడ మనాటీ రెండు నుంచి ఐదేళ్లకు ఒకసారి ఈనుతుంది, మోసేది ఏడాదికి పైగా, పుట్టేది ఒక్క పిల్ల. ఇంత నెమ్మదిగా పెరిగే జాతిలో ఎదిగిన ఒక ఆడదాన్ని పోగొట్టుకుంటే ఆ లోటు పూడడానికి చాలా ఏళ్లు పడుతుంది.

2021 సంగతి కూడా నిజమే, నాకు అది చాలా బాధాకరమైన విషయం. ఆ ఏడాది ఫ్లోరిడాలో దాదాపు 1,100 మనాటీలు చనిపోయాయి. తూర్పు తీరంలోని ఇండియన్ రివర్ లగూన్ అనే తీరపు సరస్సులో మురుగునీరు, ఎరువుల వ్యర్థాలు చేరి నాచు విపరీతంగా పెరిగి, ఎండ అడుగుకు చేరక సముద్రపు గడ్డి చచ్చిపోయింది. ఎన్నడూ లేనివిధంగా ప్రభుత్వమే లెట్యూస్ ఆకులు తెచ్చి వాటికి వేయవలసి వచ్చింది. కానీ ఒక కారణం పెద్దదైనంత మాత్రాన రెండవ కారణం మాసిపోదు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, పడవలు తగిలి చనిపోయినవి 130 దాటాయి. గడ్డి తిరిగి పెంచడం ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చేయవలసిన పని, బోటు వేగం తగ్గించడం మీ అబ్బాయి ఈ ఆదివారమే చేయగల పని. నా మటుకు నాకు ఈ విషయంలో నిబంధనే ముందు. అవగాహన కలిగే దాకా ఆగే తీరిక ఆ జంతువుకు లేదు.

సమాధానం 2 (హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవ నేర్పే శిక్షకుడు)

డాక్టరు గారు జంతువు వైపు నుంచి చెప్పారు. నేను చుక్కాని పట్టినవాడి వైపు నుంచి చెబుతాను.

మీ మూడవ ప్రశ్న ముందుగా. మనాటీలకు తక్కువ స్థాయి శబ్దాలు సరిగా వినపడవన్నది ఎవరో కల్పించినది కాదు. ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధకుడు వాటి వినికిడిని పరీక్షించి ఆ వాదన చేశారు. కానీ దాని నుంచి వేగంగా వెళ్లడమే మేలని తేల్చడం తొందరపాటు. ఒక చిన్న లెక్క వేయండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బోటు సెకనుకు 11 మీటర్లు పోతుంది. 30 మీటర్ల ముందు మనాటీ ముక్కు కనిపించిందనుకుంటే మీకు మూడు సెకన్లు కూడా లేవు. గంటకు 8 కిలోమీటర్లయితే 13 సెకన్లు ఉంటాయి. ఆ జంతువు మామూలుగా ఈదే వేగం కూడా దాదాపు అంతే. అది వినకపోయినా మీరు చూడగలరు, ఇంజను ఆపగలరు, పక్కకు తిప్పగలరు. ఒకవేళ తగిలినా, వేగం అయిదో వంతు అయినప్పుడు దెబ్బ శక్తి ఇరవై అయిదో వంతు అవుతుంది. రైలు నడిపిన మీకు ఈ లెక్క నేను చెప్పనక్కరలేదు. వినికిడి లోపం ఉందంటే తప్పుకునే బాధ్యత పూర్తిగా మన మీదే పడుతుందని నేను అర్థం చేసుకుంటున్నాను.

ఇక బోర్డుల భాష. అక్కడ రెండు రకాలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, ఇంజను గేరులో పడి, పడవ చుక్కానికి లొంగేంత కనీస వేగం మాత్రమే ఉండాలనేది. రెండవది, నెమ్మదిగా, అల లేవకుండా వెళ్లాలనేది. ఈ రెండవదాన్నే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వేగంలో ఉన్న మోటారు బోటు ముందు భాగం నీటి మీదికి లేచి, జారుతున్నట్టు పోతుంది. కాస్త తగ్గించగానే వెనుక భాగం కిందికి దిగి, ముందు భాగం ఆకాశంలోకి లేచి, పెద్ద అల లేపుతూ వెళుతుంది. వేగం తగ్గిందని నడిపేవాడు అనుకుంటాడు, కానీ ఆ స్థితిలో అతనికి ముందున్న నీరే కనిపించదు, ప్రొపెల్లర్ ఇంకా లోతుకు దిగి ఉంటుంది. అన్నింటికంటే ప్రమాదకరమైన వేగం అదే. పడవ పూర్తిగా నీటిలో కుదురుకుని, సమంగా నిలిచేదాకా తగ్గించాలని అక్కడి నిబంధన చెప్పేది ఇందుకే. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి తెలిస్తే, బోర్డును మొక్కుబడిగా పాటించేవాళ్లందరి కంటే అతను మెరుగైన చోదకుడు.

మీరు చూసిన నునుపైన మచ్చలను అక్కడివాళ్లు మనాటీ అడుగుజాడలంటారు. అది తోకను పైకీ కిందికీ ఆడించినప్పుడు నీరు పైకి ఎగదన్ని, ఉపరితలం మీద అలా గుండ్రంగా పరచుకుంటుంది. వరుసగా కనిపిస్తే అది ఏ దిక్కుకు పోతోందో తెలిసిపోతుంది. చురుగ్గా ఉన్నప్పుడు మూడు నుంచి అయిదు నిమిషాలకొకసారి ఊపిరికి పైకి వస్తుంది, నిద్రలో ఉంటే ఇరవై నిమిషాల దాకా రాకపోవచ్చు. అందువల్ల ఏమీ కనిపించడం లేదంటే ఏమీ లేదని కాదు. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఒక జత కొనండి. నడిపేవాడు కాకుండా ఇంకొకరు పడవ ముందు భాగంలో నిలబడి నీటినే చూస్తూ ఉండాలి. గడ్డి ఉన్న తక్కువ లోతు మీదుగా అడ్డదారిన పోవద్దు, గుర్తులు పెట్టిన లోతైన కాలువలోనే వెళ్లమనండి. ప్రొపెల్లర్ కోసిన సముద్రపు గడ్డి మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఆ గడ్డే దాని అన్నం.

మా దగ్గర హుస్సేన్ సాగర్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు చుక్కాని ఇవ్వం. ఒడ్డున కూర్చోబెట్టి, గాలి ఎటు తోస్తోందో నీటి మీది ముడతలు చూసి చెప్పమంటాం. నీటిని చదవడం రాని చేతికి పడవ ఇవ్వకూడదని నా నమ్మకం. 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు 10 హార్స్‌పవర్, ఆపైన ఉన్న బోటు నడపాలంటే ఫ్లోరిడాలో భద్రతా శిక్షణ పూర్తిచేసి కార్డు తీసుకోవాలి. మీ అబ్బాయి అంతకుముందు పుట్టినవాడైనా సరే, ఆ కోర్సు చేయించండి.

సమాధానం 3 (కూకట్‌పల్లి నుంచి వెళ్లి టాంపాలో ఉంటున్నవాడిని)

అంకుల్, నేను ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఆరేళ్లుగా నాకు సొంత బోటు ఉంది. నిబంధనే ముందన్న డాక్టరు గారి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

నిబంధనలు ఇక్కడ తక్కువేమీ కాదు. మనాటీని కాపాడే మొదటి చట్టం ఈ రాష్ట్రంలో 1893 నాటిది. 1972, 1973లలో దేశవ్యాప్త చట్టాలు వచ్చాయి, 1978లో రాష్ట్రం మొత్తాన్నీ మనాటీల ఆశ్రయంగా ప్రకటించారు, 1989లో 13 ముఖ్యమైన కౌంటీలను (మన జిల్లాల వంటివి) ఎంచి వేగ పరిమితి ప్రాంతాలు గుర్తించమన్నారు. దేశవ్యాప్త చట్టం కింద జరిమానా 50,000 డాలర్ల వరకు, జైలు ఏడాది వరకు ఉండవచ్చు. ఇంత ఉన్నా, దాదాపు పది లక్షల పడవలు నమోదై ఉన్న రాష్ట్రంలో ప్రతి వంపు దగ్గరా ఒక అధికారి నిలబడలేడు. అతను లేనప్పుడు బోటు వేగాన్ని తగ్గించేది నడిపేవాడి మనసే.

ఈ మాట ఎందుకు అంటున్నానంటే, చట్టం తెలియక తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకడిని. బోటు కొన్న మొదటి ఏడాది మా రేవు దగ్గరికి ఒక మనాటీ వచ్చేది. మా పాప దానికి గొట్టంతో మంచినీళ్లు పట్టేది, అది నోరు తెరిచి ఆత్రంగా తాగేది. దాహం తీర్చడం పుణ్యమని మన ఇళ్లలో నేర్చుకున్నాం కదా, నేను పాపను మెచ్చుకున్నాను, లెట్యూస్ కూడా పెట్టించాను. అలా నీళ్లూ ఆహారమూ ఇవ్వడం నేరమని పక్కింటి పెద్దాయన చెప్పేదాకా తెలియదు. కారణం ఆయనే వివరించారు. అలవాటు పడిన జంతువు రేవులనూ పడవలనూ వెతుక్కుంటూ వస్తుంది, ఇంజను అంటే ఉండవలసిన భయం పోతుంది. ఆ తర్వాతి చలికాలం దాని వీపు మీద కొత్త గాటు చూశాం. మా వల్లేనని రుజువు లేదు. కానీ ఆ రోజు నుంచి మా పాప గొట్టం ముట్టుకోలేదు, నేను బోర్డు ఉన్నా లేకపోయినా చలికాలంలో నెమ్మదిగానే వెళుతున్నాను. ఏ జరిమానా నాలో ఈ మార్పు తెచ్చి ఉండేది కాదు.

అద్దె బోట్ల సంగతి కూడా చెప్పాలి. మా బంధువులు వచ్చినప్పుడు ఒకచోట బోటు అద్దెకు తీసుకున్నాం. చేతికి తాళం ఇచ్చేముందు చూపించిన వీడియోలో మనాటీ గురించి ఉన్నది అర నిమిషం, ఆ సమయంలోనే మాతో కాగితాల మీద సంతకాలు పెట్టించారు. అందరూ అలా ఉండరు. కొందరు మ్యాపు పరిచి, ఈ రోజు ఏ ప్రాంతంలో ఏ వేగమో వేలు పెట్టి చూపిస్తారు. బోటు అద్దెకు ఇచ్చేవారికి ఆ పది నిమిషాల వివరణను తప్పనిసరి చేయాలని నా కోరిక. అవగాహనను కూడా చట్టం చేతే చేయించవచ్చు.

పరిమితులు కాలాన్ని బట్టి మారుతుంటాయి, చాలాచోట్ల నవంబర్ 15 నుంచి మార్చి 31 వరకు గట్టిగా ఉంటాయి. ఆ నెలల్లో క్రిస్టల్ రివర్‌లోని త్రీ సిస్టర్స్ ఊటల్లోకి తెడ్డుతో నడిపే చిన్న కయాక్ పడవలను కూడా రానివ్వరు. మీ మనవళ్లకు దగ్గర నుంచి చూపించాలంటే టాంపాకు దక్షిణంగా అపోలో బీచ్‌లో విద్యుత్ కేంద్రం పక్కనే వీక్షణ కేంద్రం ఉంది. అక్కడి వేడినీటి కాలువలోకి చలిరోజుల్లో వందల మనాటీలు వస్తాయి, ఒడ్డు మీది నుంచే చూడవచ్చు.

సమాధానం 1 రాసిన పశువైద్యురాలు మళ్లీ

అన్నయ్య గారూ, మీ పాప సంగతి చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. మీకు ఆ కారణం చెప్పిన పెద్దాయన చేసిన పని ఏ బోర్డూ చేయలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆయన చెప్పేటప్పుడు ఇది నేరమని కూడా చెప్పగలిగారు, ఆ మాటకు బలం చట్టమే ఇచ్చింది. మొదట నెమ్మదించేలా చేసేది నిబంధన, ఎవరూ చూడనప్పుడు కూడా నెమ్మదిగా ఉంచేది కారణం తెలియడం అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

మనకు దగ్గరి సంగతి ఒకటి. మనాటీకి దాయాది అయిన డ్యూగాంగ్, అంటే సముద్రపు ఆవు, మన దేశంలో తమిళనాడు తీరంలోనూ, కచ్ అఖాతంలోనూ, అండమాన్‌లోనూ కొద్ది సంఖ్యలో మిగిలి ఉంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను దాని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. అక్కడ దానికి పెద్ద ముప్పు చేపల వలలు. వలలో పడ్డదాన్ని విడిచిపెట్టిన జాలరులను పిలిచి సత్కరిస్తారు, నగదు ప్రోత్సాహకం ఇస్తారు. ఈ కుటుంబంలోనే అతి పెద్దదైన స్టెల్లర్ సముద్రపు ఆవును 1741లో శాస్త్రవేత్త తొలిసారి వర్ణించారు; 1768 నాటికి ఒక్కటీ మిగల్లేదు. ఇరవై ఏడేళ్లు పట్టింది, అంతే.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ నా కృతజ్ఞతలు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో ఇవన్నీ అబ్బాయికి చదివి వినిపించాను. మూడవ వాదన చెప్పినది వాడే కాబట్టి, 13 సెకన్ల లెక్క దగ్గర వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పడవ ముందు భాగం లేచినప్పుడు నిజంగానే తనకు నీరు కనిపించదని, అది ఇంతవరకు తప్పని తట్టలేదని ఒప్పుకున్నాడు. ముగ్గురు స్నేహితులూ శిక్షణ కార్డు తీసుకున్నాకే బోటుకు బయానా ఇస్తామని మాట ఇచ్చారు. వాళ్లు తిరగబోయే దారిలో ఏ ప్రాంతంలో ఏ నెలలో ఎంత వేగమో వరుసగా ఒక కాగితం మీద రాసి పంపమన్నాను. దాన్ని నేను కాషన్ ఆర్డర్ నమూనాలో, సంతకానికి చోటు వదిలి, తెలుగులో తయారు చేస్తున్నాను. తెలుగులో ఎందుకంటే వాళ్లు ముగ్గురూ తెలుగు కుర్రాళ్లే, సెలవులకు వచ్చి ఆ బోటు ఎక్కే అమ్మానాన్నలు కూడా చదువుకోవాలి.

డిసెంబరులో మళ్లీ వెళుతున్నాం. ముందు భాగంలో నిలబడి నీటిని చూసే పని నాకిమ్మని అడిగాను. కళ్లద్దాల పవరు ఉన్నవాళ్లకు పోలరైజ్డ్ అద్దాలు హైదరాబాద్‌లోనే చేయించుకోవచ్చా, అక్కడే తీసుకోవడం మంచిదా, టాంపా బాబు చెప్పగలిగితే ఆ ఏర్పాటు కూడా ముందే చూసుకుంటాను.